దోనాలికి కట్టిన ధర

మీరే చేశారు ఈ పని. నందికుంట పోలీసు పటేలూ, ఠాణాలో రిజిస్టరు ముందు కూచుని తల ఊపిన రైటరూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినందుకే ప్రతిదానికీ తీర్పు చెప్పగలమనుకునే చదువరులూ, మీ ముగ్గురికీ కలిపి చెబుతున్న మాట ఇది. ఆరువందల యాభై రూపాయల సొత్తును ఎనభై రూపాయలకు దించడానికి మీరు తాళం పగలగొట్టలేదు, గోడ దూకలేదు. పట్టపగలు బల్ల మీద తెల్లకాగితం పరుచుకుని, మొగుడు చచ్చి నాలుగు నెలలైనా నిండని మనిషిని గడప అవతల కూచోబెట్టి చేశారు. అందుకే మిమ్మల్ని ఎవరూ దొంగలనలేదు.

పందొమ్మిదివందల డెబ్బయ్యొకటి సెప్టెంబరు, మూడో ఆదివారం. భీమశంకరం పొద్దున పదిగంటలకు ఠాణా మెట్లెక్కాడు. చంకలో గుడ్డసంచి. సంచిలో ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన వెర్నియర్ కొలబద్ద. దాన్ని బయటికి తేవడానికి ఫోర్‌మన్ దగ్గర ఒకటి, స్టోర్స్‌లో ఒకటి, గేటు దగ్గర ఒకటి, మూడు సంతకాలు పట్టాయి. రామచంద్రాపురం దగ్గరి పెద్ద కార్ఖానాలో అతని పని అదే. మిషన్ల మీద తయారై వచ్చిన ప్రతి ముక్కనీ కొలవాలి. కొలత తప్పితే ఎర్రచీటీ కట్టి పక్కన పడెయ్యాలి. ఎర్రచీటీ పడిన ముక్క తుక్కులోకి పోతుంది. చిట్కుల్లో అతను కిరాయికున్న వీధిలో జనం అతన్ని కొలతల సారు అంటారు.

ఇందిరమ్మ అప్పటికే వరండాలో గోడకు చేరబడి కూచుంది. నందికుంటనుంచి చిట్కుల్‌కు రోజూ పాలు తెచ్చి పోసే మనిషి. ఆమె పెనిమిటి మల్లయ్య పేరు మీద పంటకాపలాకు దోనాలి తుపాకి ఉండేది. రెండు గొట్టాలది. మల్లయ్య పోగానే లైసెన్సూ పోయింది. తుపాకి ఠాణాలో జమ అయింది. ఈ నెల ముప్పైలోగా లైసెన్సున్న మనిషికి అమ్ముకోవాలి, లేకపోతే సర్కారు పాలవుతుందని నోటీసు వచ్చింది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఇంకో తుపాకి కొనడానికి లైసెన్సులో చోటున్న మనిషి ఒక్కడే, పటేలు నర్సింహారెడ్డి.

ఆమె ఏడువందలంది. ఆయన మూడువందలన్నాడు. తెగలేదు. చివరికి పటేలే అన్నాడు, "మనల మనం కొట్లాడుకునుడెందుకు ఇందిరా. నువ్వు పాలు వోసే సారు లేడా, ఆయనతోని కొలిపియ్యి. ఆయన ఏమంటె గది ఇద్దరం ఒప్పుకుందాం." ఆమె సరేనంది. పాలు కొలిచేటప్పుడు నురుగు దిగేదాకా ఆగి చూసే మనిషి భీమశంకరం. ఒకనాడు "ఇవాళ అర గిద్ద ఎక్కువ పోశారమ్మా" అని వెనక్కి పోయించాడు. అలాంటి మనిషి మీద నమ్మకం పెట్టుకోవడం తప్పు కాదు.

రైటరు గోడకున్న తుపాకి తీసి, మూటకట్టిన గోనెపట్టా విప్పి, బల్ల మీద పెట్టాడు. పాత ఇంగ్లీషు సరుకు. కర్ర ఒకచోట చిట్లితే ఇత్తడి తీగ వరసగా చుట్టి ఉంది. ఆ చుట్టులో ఒక్క పోగు కూడా పక్కదాని మీదికి ఎక్కలేదు. భీమశంకరం ముందు అది చూసి మెచ్చుకున్నాడు. గొట్టాల వెనక తూటాను కొట్టే గుర్రాలు రెండూ ఎత్తి, వదిలి, ఎత్తి చూశాడు. కీలు దగ్గర వంచి తెరిచి, గొట్టాలు కిటికీవైపు తిప్పి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. నిగనిగమంటున్నాయి. కుడిదాంట్లో అక్కడక్కడా ఆవగింజంత తుప్పు గుంటలు.

"మంచిగ ఉంచిండు మల్లయ్య," అన్నాడు పటేలు కుర్చీలోంచి.

వెర్నియర్ విప్పి కుడి గొట్టం మూతిలో పెట్టాడు. పద్దెనిమిది పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. చుట్టూ తిప్పి మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ అంతే. ఎడమదాంట్లో పెట్టాడు. పదిహేడున్నర. మళ్ళీ పెట్టాడు. పదిహేడున్నర.

భీమశంకరం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతని షాపులో మిల్లీమీటరును నూరుముక్కలు చేస్తే అందులో రెండు ముక్కల తేడా వచ్చినా ఎర్రచీటీయే. ఇక్కడ తొంభై. ఒకే తుపాకి, జంటగా పుట్టిన గొట్టాలు, ఒకదాని మూతి తొంభై ముక్కలు ఇరుకు. ఎక్కడో కిందపడి నొక్కుకుపోయి ఉండాలి. దాన్ని పేలిస్తే గుండు బయటికి రాక గొట్టం పగిలి, కాల్చినవాడి చెయ్యి, ముఖం...

"సారూ," అంది ఇందిరమ్మ గడప అవతలనుంచి. "ఆ ఎడమది..."

భీమశంకరం తలెత్తకుండానే చెయ్యి చూపించాడు. "ఒక్క నిమిషం అమ్మా. మాట్లాడితే లెక్క తప్పుతుంది."

ఆమె నోరు మూసుకుంది.

ఎవరూ అడక్కుండానే అతను కాగితం తీసుకుని రాశాడు. ఎడమ గొట్టం మూతి పాయింట్ తొమ్మిది మిల్లీమీటరు ఇరుకు, కొలత తప్పింది, కాల్చడానికి ప్రమాదం, పాత ఇనుము కింద మాత్రమే పనికొస్తుంది. కింద సంతకం, తేదీ. అలవాటుకొద్దీ ఎర్రపెన్సిలుతో ఒక గీత.

పటేలు ఆ కాగితాన్ని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తరవాత లేచి, రుమాలు తీసి, తుపాకి మీద భీమశంకరం వేళ్ళ గుర్తులు తుడిచాడు. ఎత్తి ఉన్న గుర్రాలను బొటనవేలితో పట్టి, టక్కుమనకుండా మెల్లగా దించాడు. గోనెపట్టాలో తనే చుట్టాడు.

"ఇగ ఏమంటవ్ ఇందిరా? పాతినుమంటె ముప్పై కూడ రాదు. మల్లయ్య మొకం జూసి ఎనబై ఇస్త. నేను జెప్పిన మాట గాదు, నీ సారు జెప్పిందే."

రైటరు తల ఊపాడు. ఇందిరమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. "మా మరిదిని అడుగుత," అని లేచి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

భీమశంకరం ఆమె వెనకే నాలుగడుగులు వేసి, "ప్రాణాపాయం అమ్మా, అందుకే రాశాను" అన్నాడు. ఆమె ఆగలేదు.

సోమవారం పొద్దున ఆమె పాలు తెచ్చేసరికి ఎండెక్కింది. ఎప్పుడూ అంత ఆలస్యం చెయ్యదు. భీమశంకరం రెండో షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. అతని భార్య నాగరత్నం గుమ్మంలో కూచుని చేటలో బియ్యం ఏరుతోంది.

"ఏమైంది ఇందిరమ్మా? కాళ్ళనిండా మట్టేమిటి?"

"పందులమ్మా. మక్కచేన్ల వడ్డయి. పాలకంకి మీదున్నది గద, వాసనకే వస్తయి. ఆరు సాళ్ళు ఉన్నయి ఉన్నట్టు పండవెట్టినయి. మా మరిది యాదయ్య మంచె మీద డబ్బా గొట్టి గొట్టి చేతులు వాచినయి. అవేమన్న పెండ్లి బాజా అనుకున్నయేమో, తింటనే ఉన్నయట."

నాగరత్నం నవ్వబోయి ఆపుకుంది. "మరి తుపాకి డబ్బులతో కంచె వేయిస్తానన్నావుగా."

"ఎనబై రూపాయలకు ముండ్లతీగ ఎన్ని గజాలొస్తదమ్మా? పంది తోకకు చుట్టనీకొస్తది."

నాగరత్నం మొగుడి వైపు చూసింది. ఆ చూపు ఎలాంటిదో పెళ్ళైన మగవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

"ఇందిరమ్మా," అన్నాడు భీమశంకరం, "నామీద కోపం వద్దు. గొట్టం నొక్కుకుపోయింది. నేను చూస్తూ చూస్తూ మంచిదని రాయలేను."

ఇందిరమ్మ పాలచెంబు కింద పెట్టింది. "నొక్కుకపోలే సారూ. అది పుట్టుడే గట్ల పుట్టింది."

"అంటే?"

"కుడిది దగ్గరికి, ఎడమది దూరానికి. మా ఆయినె ముందుగాల ఎడమదే పేల్చేటోడు, పంది ఆ గట్టుకున్నప్పుడు. మీదికొస్తె కుడిది. పదేండ్లు గట్లనే గొట్టిండు. మూతి ఇరుకుంటెనే తూటల ఉన్న రవ్వ చెదరకుంట పోతది."

అతనికి అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. వంగి, నాగరత్నం ఏరి పక్కన పెట్టిన రాళ్ళమెరికలు పిడికెడు తీసుకుంది. పెరటి గోడ దగ్గరికి పోయి అరచెయ్యి బార్లా తెరిచి విసిరింది. మెరికలు గోడనిండా చిటపటలాడి చెదిరిపడ్డాయి. ఇంకో పిడికెడు తీసుకుని, పిడికిలి బిగించి, వేళ్ళ సందున చిన్న సందు మాత్రం ఉంచి, అదే దూరంనుంచి విసిరింది. అన్నీ తట్టంత జాగాలో పోయి తగిలాయి. సున్నం రాలింది.

"సూసినవా," అంది. "గదే."

భీమశంకరం గోడ దగ్గరికి పోయి రెండు మచ్చలూ చూశాడు. జానతో కొలిచాడు. పాపం, అలవాటు.

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు, గోడ వైపే తిరిగి.

"జెప్పబోయిన. నువ్వు చెయ్యి జూపించినవ్."

భీమశంకరం ఇటు తిరిగాడు.

"మళ్ళ జెప్పొచ్చు గద అనుకోకు సారూ. నువ్వు ఇంగ్లీషు కొలబద్ద వట్టుకొచ్చినవ్. నేను పాలచెంబు వట్టుకున్న. ఆడ కూసున్నోళ్ళల్ల ఎవరి మాట ఇంటరు?" చెంబు ఎత్తుకుంది. "నేనే నిన్ను పిలిపిచ్చిన. నాదే తప్పు."

ఆ మధ్యాహ్నం డ్యూటీకి పోతూ భీమశంకరం గేటు దగ్గర ఆగాడు. గేటు జమాదారు ఒకప్పుడు సైన్యంలో చేసిన పాత పల్టన్ మనిషి, మీసాలు నెరిశాయి. దోనాలి సంగతి అడిగితే సగంలోనే అందుకున్నాడు. "అరే సాబ్, ఏక్ నాలీ తంగ్ హోతీ హై. చోక్ బోల్తే. దూర్ కే లియే. బచ్చా బచ్చా జాన్తా హై." ఒక గొట్టం దూరానికని ఇరుగ్గానే చేస్తారట, పసిపిల్లలకు కూడా తెలుసట. తరవాత మీకు తెలియదా అన్నట్టు కొంచెం జాలిగా చూశాడు. "ఆప్ కో నహీఁ మాలూమ్?"

షాపులోకి పోయేసరికి బల్ల మీద ఆనాటి ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. ఆవిరి నాజిళ్ళు. ఒక వైపు వెడల్పు, ఒక వైపు ఇరుకు. ఏడేళ్ళుగా వాటి ఇరుకు మూతిని కొలిచి, సరిగ్గా అంత ఇరుకుంటేనే ప్యాసు చేస్తున్నాడు. ఒక్కటి కాస్త వెడల్పైనా ఎర్రచీటీ కడుతున్నాడు. ఎందుకంత ఇరుకో డ్రాయింగులో ఉంటుంది. డ్రాయింగు లేని వస్తువు చేతికొస్తే, దాన్ని వాడిన మనిషిని అడగాలని ఏ డ్రాయింగులోనూ రాసి లేదు. అతనికి తోచలేదు. చదువు మనిషికి చెయ్యగల అపకారం ఇదే. కొలత తెలుస్తుంది, అడగడం మరిచిపోతుంది.

అక్కడ కట్టిన ఎర్రచీటీ తప్పని తేలితే ఒక పద్ధతి ఉంది. కట్టినవాడే వచ్చి, తన చేత్తోనే విప్పి, రద్దు పుస్తకంలో పేరు రాసి సంతకం పెట్టాలి. ఇన్నేళ్ళలో భీమశంకరం పేరు ఆ పుస్తకంలో ఒక్కసారి కూడా లేదు. దాన్ని గురించి గొప్పగా చెప్పుకునేవాడు.

మంగళవారం పొద్దున నందికుంట పోయాడు. పటేలు అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. వేపపుల్ల తియ్యకుండానే రమ్మని సైగ చేశాడు.

"రాండ్రి సారూ. ఛాయ్ తాగుతరా?"

"నేను రాసిన కాగితం వెనక్కి తీసుకోవడానికి వచ్చానండీ. అందులో తప్పుంది. ఎడమ గొట్టం బాగానే ఉంది. అది ఉండాల్సినట్టే ఉంది."

పటేలు పుల్ల పారేసి నోరు పుక్కిలించాడు. తొందరపడలేదు. "గది నాకెరుకనే సారూ."

"తెలుసా?"

"ముప్పయ్యేండ్ల సంది తుపాకి వడ్తున్న. ఇరుకు నాలి ఏదో ఎరుకలేదా నాకు?"

"మరి ఆదివారంనాడు చెప్పలేదేం?"

"మీరు అడగలే," అన్నాడు పటేలు. వెటకారం లేదు, కోపం లేదు. పొద్దు ఎక్కింది అన్నంత మామూలుగా అన్నాడు. "కొలిచింది మీరు. రాసింది మీరు. నేను ఒక్క మాటన్న అన్ననా? ఇగ కాగితమంటారా, అది రైటరుకిచ్చిన. దస్త్రంల వోయింది. పెద్ద కార్ఖాన సారు, సొంత సంతకం తప్పంటె బాగుంటదా చెప్పుండ్రి? రేపు మీ సాబులకు తెలిస్తె?"

భీమశంకరం నిలబడే ఉన్నాడు.

"అన్నట్టు, మీరున్న ఇల్లు మా చిన్నాయిన కొడుకుది. వాడు కిరాయి పెంచుతనంటె నేనే వద్దన్న. మంచి మనిషి, ఉండనీ అన్న." తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "ఛాయ్ తాగిపోండ్రి."

తాగలేదు. ఆ రాత్రి షిఫ్టులో ఫోర్‌మన్ దగ్గర సెలవు అడిగాడు. బుధవారం బస్సెక్కి పట్నం పోయాడు. అక్కడ తుపాకులమ్మే పాత దుకాణంలో ఒక ముసలాయన బల్ల వెనక కూచుని నూనెగుడ్డతో స్ప్రింగులు తుడుస్తున్నాడు. భీమశంకరం వస్తువు వర్ణించాడు. ఈసారి కొలతలు చెప్పి ఊరుకోలేదు. "దీనికి ధర ఎట్లా కడతారండీ?" అని అడిగాడు.

ముసలాయన చెప్పాడు. ముందు కీలు చూడాలి. మూసినప్పుడు తలుపు కొట్టుకున్నట్టు చప్పుడైతే సగం ధర పోయినట్టు. పుస్తకం మూసినట్టుంటే మంచిది. తరవాత గొట్టం లోపలి అద్దంలాంటి నునుపు. గుంటలు తూటా పెట్టే మొదట్లో ఉంటే భయం, మధ్యలో ఉంటే పర్వాలేదు. కర్ర చిట్లితే యాభై తగ్గించు, కానీ కట్టినవాడి చెయ్యి మంచిదైతే పాతిక మళ్ళీ కలుపు. ఆఖరున, వాడినవాడు ఎలాంటివాడో అడుగు. ఎప్పుడూ వేటకని ఊరేగించిన తుపాకి కంటే, చేనుకాడ సంవత్సరానికి ఇరవై తూటాలు కాల్చి నూనె పట్టించిన తుపాకి ఎక్కువ కాలం బతుకుతుంది. "నువ్వు చెప్పినట్టే ఉంటే ఏడువందలకు నేనమ్ముతా. ఆరువందలిచ్చి కొంటా. కానీ మీ ఠాణావాళ్ళు రవానా కాగితం రాసివ్వాలె. అది లేకుంటె ముట్టుకోను."

గురువారం పొద్దున నందికుంట చావడి దగ్గర పదిహేనుమంది దాకా చేరారు. పటేలు కబురు పెట్టించాడు, బేరం తెంచుకుందాం రమ్మని. ఇందిరమ్మ చావడి స్తంభం దగ్గర నిలబడింది. ముందురోజు ఇంకో ఎనిమిది సాళ్ళు పోయాయి. యాదయ్య కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. పిలవకుండానే భీమశంకరం వచ్చాడు. పటేలు అతన్ని చూసి కుర్చీ వేయించాడు. అతను కూచోలేదు.

"ఒక మాట చెప్పి పోతాను," అన్నాడు. "ఆదివారం నేను కొలిచిన కొలత నిజమే. రాసిన తీర్పు తప్పు. ఎడమ గొట్టం చెడిపోలేదు, తయారీయే అంత. ఆ సంగతి నాకు తెలియదు. ఇందిరమ్మకు తెలుసు, చెప్పబోయింది, నేను చెప్పనివ్వలేదు. పట్నంలో విచారించాను. కర్ర చిట్లిందనీ కుడిదాంట్లో గుంటలున్నాయనీ తీసేసినా, కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య న్యాయమైన ధర ఆరువందల యాభై. ఇదుగో, రాసి తెచ్చాను. పాతది రద్దని కూడా రాశాను." కాగితం చావడి గద్దె మీద పెట్టి, గాలికి పోకుండా రాయి పెట్టాడు.

ఎవరో వెనకనుంచి, "సారు చీటీ సారే చించిండురా," అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. భీమశంకరం చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు.

పటేలు కాగితం వైపు చూడలేదు. "మంచిది. ఆరొందల యాబై. ధర దొరికింది. ఇప్పుడు కొనేటోణ్ణి దెండ్రి." చుట్టూ చూశాడు. "నాకైతె వద్దు."



చూశారా, న్యాయమైన ధరకు పట్టిన గతి. భీమశంకరం మూడు రోజులు తిరిగి, సెలవు పెట్టి, పరువు తీసుకుని తెచ్చిన అంకె గద్దె మీద రాయి కింద పడి ఉంది. లైసెన్సు ఎవరికిస్తారు? భూమీ పలుకుబడీ ఉన్నవాడికి. తుపాకి ఎవరు కొనాలి? లైసెన్సున్నవాడు. కొనగలిగినవాడు ఒక్కడే అయినప్పుడు ధర వస్తువులో ఉండదు, వాడి నోట్లో ఉంటుంది. వాడు నోరు మూసుకుంటే చాలు.

"పట్నం దుకాణం ఆరువందలిస్తానంది," అన్నాడు భీమశంకరం.

"ఇయ్యనీయి. ఠాణా కాగితం గావాలె గద. ఆ కాగితం కదలనీకె నెల వడ్తది. గడువు ఇగ వారం." పటేలు తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకుని యాదయ్య వైపు చాచాడు. పశువుల అంగట్లో బేరం అలాగే చేస్తారు. తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని నొక్కితే అంకె తెలుస్తుంది, చూసేవాళ్ళకు తెలియదు. "రా యాదీ. నీకూ నాకూ మధ్యలనే. నలుగుట్ల మాటెందుకు."

యాదయ్య వదిన వైపు ఒకసారి చూసి, ముందుకొచ్చి తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. గుడ్డ కింద వేళ్ళు కదిలాయి. యాదయ్య దవడ బిగుసుకుంది. మళ్ళీ కదిలాయి. అతని భుజం కొంచెం వాలింది. ఒప్పుకునే మనిషి భుజం అలాగే వాలుతుంది.

ఇందిరమ్మ స్తంభం వదిలి వచ్చి, తువ్వాల కొస పట్టుకుని లాగింది. పటేలు చెయ్యీ యాదయ్య చెయ్యీ ఎండలో బయటపడ్డాయి. పటేలు గుప్పిట్లో యాదయ్య చూపుడువేలు ఒకటి, దాని పక్కన సగం మడిచిన ఇంకో వేలు.

"నూటయాబై," అంది. "గీ మాట నోటితోని జెప్ప సిగ్గయిందా పటేలా? నేనేమన్న ఎడ్లనమ్ముతున్ననా?" తువ్వాల మడత పెట్టి ఆయన మోకాలి మీద పెట్టింది.

భీమశంకరానికి అప్పుడు తోచింది, నాలుగు రోజుల కిందట తోచాల్సిన ప్రశ్న. ఈసారి అడిగాడు. "ఇందిరమ్మా, ఆ నోటీసు మీ దగ్గరుందా? నేనెప్పుడూ చూడలేదు."

ఆమె కొంగుముడి విప్పింది. నాలుగు మడతల కాగితం, చెమటకు మెత్తబడింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. భీమశంకరం నిలబడి మొదటినుంచి చదివాడు. ఒకచోట ఆగి వెనక్కి పోయి మళ్ళీ చదివాడు.

"ఇది మీకు ఎవరు చదివి వినిపించారు?"

"ఠాణల రైటరు. పటేలు కూడ ఉండె."

"ఏమని చెప్పారు?"

"ముప్పై తారీకు లోపట లైసెన్సున్నోళ్ళకు అమ్మాలె, లేకుంటె జప్తు."

"అది సగం," అన్నాడు భీమశంకరం. "ఇందులో రెండున్నాయి. లైసెన్సు ఉన్నవారికి అమ్మవచ్చు. లేదా వారసులు తమ పేరున లైసెన్సు కోరుతూ గడువులోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మధ్యలో ఆపితే తప్ప సగం చదవడం కుదరదు."

ఇందిరమ్మ కాగితం తీసుకుని ఆ వరసల వైపు చూసింది, అక్షరాలు రాకపోయినా.

"నాకిస్తరా సారూ?"

"ఇస్తారో లేదో నాకు తెలియదు. అడగొద్దని మాత్రం ఇందులో లేదు."

పటేలు చిన్నగా నవ్వాడు. "ఆడిమనిషికి తుపాకెట్లిస్తరు సారూ. నవ్విపోతరు."

"పందులు ఆడోళ్ళ చేనని ఇడిచిపెడ్తున్నయా పటేలా?" అంది ఇందిరమ్మ.

"పేల్చనీకొస్తదా నీకు?"

"పోయినేడు మా ఆయినె జరమొచ్చి పండితె మంచె మీద..." యాదయ్య గట్టిగా దగ్గాడు. ఆమె ఆగింది. ముందున్నది పోలీసు పటేలని, లైసెన్సు లేకుండా పేల్చడం నేరమని గుర్తొచ్చింది. "వస్తదో రాదో నేర్చుకుంట," అంది.

జనంలో ఈసారి నవ్వు వేరుగా వచ్చింది.

ఆమె భీమశంకరం వైపు తిరిగింది. "సారూ, ఆరొందల యాబై అని నువ్వు కట్టిన ధర మంచిదే. నీకు పుణ్యముంటది. కాని నేనమ్మ." రాయి తీసి, గద్దె మీది కాగితం తీసుకుని నోటీసుతో కలిపి కొంగులో ముడేసుకుంది. "తుపాకి బాగున్నదని రాసినవ్ గద. గిది దరఖాస్తుకు పనికొస్తది."

శుక్రవారం పాలు పోసి, అటునుంచి అటే జిల్లా కచేరీకని సంగారెడ్డి బస్సెక్కింది. భీమశంకరం రాసిన దరఖాస్తు, తుపాకి బాగుందన్న అతని కాగితం, భూమి శిస్తు రసీదు, మల్లయ్య పాత లైసెన్సు పుస్తకం, నోటీసు వెంట తీసుకుపోయింది. సాయంత్రానికి ఒక నంబరు వేసిన చీటీతో తిరిగొచ్చింది. ఊరి పటేలు రిపోర్టు రావాలి, వచ్చాక చూస్తామన్నారట. దరఖాస్తు కచేరీ మేజాబల్ల మీద ఉంది. తుపాకి ఠాణా గోడకు ఉంది. చేను పాలకంకి దాటి గింజ పట్టింది. యాదయ్య డబ్బా కొడుతున్నాడు.

ఆ మేజా ముందు కూచున్న అధికారులకు ఇక చెప్పాల్సింది ఇదే. పటేలు రిపోర్టు అడక్కండి. కొనబోయినవాణ్ణి అమ్మకపోవడం గురించి అడిగితే ఏం రాస్తాడో మీకు తెలుసు. నందికుంటకు మనిషిని పంపండి. రెండు గంటల దారి. విరిగిన కంకులు లెక్కపెట్టమనండి, మట్టిలో గిట్టల జాడలు చూడమనండి. ఆమె మాట్లాడేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకుండా ఆఖరిదాకా వినమనండి. విన్నాక ఆ లైసెన్సు పుస్తకం తెరవండి. మల్లయ్య పేరున్న చోట ఇందిరమ్మ అని రాయండి. వృత్తి అన్నచోట సేద్యమని రాయండి. కారణం అన్నచోట పంటకాపలా అని రాయండి. ముప్పై తారీకు రాకముందే కింద సంతకం పెట్టండి.